నూనె మానడమే పథ్యం కాదు

మా చిన్నమ్మ కాళ్ళు చూసి మేమందరం బోరు నీళ్ళ మీద నెపం పెట్టినాం. చింతామణి పక్క మా ఊళ్ళో బోర్లు వెయ్యి అడుగులు దాటిపోయినాయి, వచ్చేవి ఉప్పు నీళ్ళు. ముంగాళ్ళ మీద చర్మం చేప పొలుసుల్లాగా లేస్తే నీళ్ళ వల్లే అనుకోవడం సులభం. దువ్వెన నిండా వెంట్రుకలు వస్తుంటే వయసు అన్నాం. మోచేతులు గరుకైతే చలికాలం అన్నాం. కత్తిపీటకు తెగిన వేలు ఇరవై రోజులైనా మానకపోతే చక్కెర జబ్బేమో అని భయపడి పరీక్ష చేయించినాం. చక్కెర లేదు అన్నారు. సరే, దిష్టి అన్నారు మా అవ్వ.

నాలుగు లక్షణాలకు నాలుగు కారణాలు చెప్పుకున్నాం గానీ నాలుగూ ఒకే కాగితం మీద రాసి చూడలేదు. మేము చేసే ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. ఆఫీసులో నాలుగు చోట్ల నాలుగు తప్పులు కనిపిస్తే, వీటన్నిటికీ మూలం ఒకటేనా అని మొదట అడిగేది మేమే. ఇంట్లో ఆ ప్రశ్న అడగలేదు. ఈ రాత ఆ తప్పు ఒప్పుకోవడానికి, ఇంకో ఇంట్లో అది జరగకూడదని చెప్పడానికి.

అసలు సంగతి రెండేళ్ళ ముందు మొదలైంది. చిన్నమ్మకు విపరీతమైన కడుపు నొప్పి వచ్చి ఆసుపత్రిలో చేర్చినాం. క్లోమం వాచింది అన్నారు. ఇంటికి పంపేటప్పుడు "కొవ్వు తగ్గించండి" అన్నారు. ఇంటికి చేరేలోపలే "తగ్గించండి" అనే మాట "మానేయండి" అయిపోయింది. తిరగవాత లేని చారు, రాగి ముద్ద, వెన్న తీసిన మజ్జిగ, గంజి. ఒక బొట్టు నూనె లేదు. శనక్కాయలు లేవు. నువ్వులు లేవు. వచ్చిన చుట్టాలందరూ "ఎంత పథ్యంగా ఉండాది చూడు" అని మెచ్చుకున్నారు. మేమూ మెచ్చుకున్నాం. పక్కింటావిడ చెప్పిందని ఎప్పుడైనా ఒక చెంచా కొబ్బరి నూనె మాత్రం వేసేవాళ్ళు, అది తేలిగ్గా అరుగుతుందని.

చివరికి బెంగళూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయినాం. ఆమె చర్మం చూసింది, బరువు చూసింది, తరవాత అడిగింది: "విరేచనం నీళ్ళ మీద తేలుతుందా? జిడ్డుగా అంటుకుంటుందా? నీళ్ళు పోసినా పోదా?" చిన్నమ్మ తల దించుకుంది. ఏడాది నుంచీ అట్లే ఉందంట. మాకెవరికీ చెప్పలేదు. బయటికి వచ్చినాక ఎందుకు చెప్పలేదు అని అడిగితే, "అది కూడా చెప్పాల్నా అబ్బీ? సిగ్గు కాదా?" అంది.

క్లోమం నుంచి కొవ్వును అరిగించే రసాలు సరిగ్గా రావడం లేదు. తిన్న కొంచెం కొవ్వు కూడా ఒంటికి పట్టడం లేదు. పైగా మేము ఆ కొంచెం కూడా పెట్టడం లేదు. ఆవశ్యక కొవ్వు ఆమ్లాలు తగ్గిపోయి ఉంటాయని, వాటితో పాటు కొవ్వులో కరిగే ఎ, డి, ఇ, కె విటమిన్లు కూడా తగ్గి ఉంటాయని డాక్టరమ్మ చెప్పింది. అన్నంతో పాటు వేసుకోవడానికి ఎంజైము మాత్రలు, విటమిన్లు రాసింది, పూటకు ఇంత అని కొలిచి నూనె వేయమంది. మూడు నెలలకు కాళ్ళ మీద పొలుసులు పోయినాయి. వేలు అంతకు ముందే మానింది. ఇందులో ఏది దేనివల్ల బాగైందో విడదీసి చెప్పలేమని కూడా ఆమె నిజాయితీగా చెప్పింది. కానీ మేము రెండేళ్ళు గొప్పగా చెప్పుకున్న పథ్యం ఆమెకు మేలు చేయలేదని మాత్రం తెలిసిపోయింది.

అందుకే మా అభిప్రాయం మొదటే చెప్పేస్తాం. మన ఇళ్ళల్లో నూనె అనేది ఇప్పుడు పాపం లాగా అయిపోయింది. గుండె, కొలెస్టరాల్, బరువు అని ఎవరో ఒకరు చెప్పగానే తగ్గించడం కాదు, సున్నా చేయడం గొప్ప అనుకుంటున్నాం. ఎక్కువ నూనె చెడ్డదే, కాదనడం లేదు. కానీ కొన్ని రకాల కొవ్వు లేకపోతే ఒళ్ళు నడవదు. అది తగ్గినప్పుడు ఒళ్ళు గుర్తులు చూపిస్తుంది. ఆ గుర్తులు ఇంట్లో వాళ్ళకే ముందు కనిపిస్తాయి. వాటిని తెలుసుకోవాల్సింది మనమే.

ఏమిటీ ఆవశ్యక కొవ్వు ఆమ్లాలు అంటే, మన ఒళ్ళు అన్నం నుంచి, ముద్ద నుంచి చాలా రకాల కొవ్వును తనే తయారు చేసుకుంటుంది. రెండింటిని మాత్రం చేసుకోలేదు. ఒకటి లినోలిక్ ఆమ్లం, ఒమేగా-6 జాతిది. ఇంకొకటి ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం, ఒమేగా-3 జాతిది. ఈ రెండూ తిండి నుంచే రావాలి. చర్మం పై పొరలో నీళ్ళు బయటికి పోకుండా కాపాడే గోడలాంటిది ఒకటి ఉంటుంది. ఆ గోడ కట్టడానికి లినోలిక్ ఆమ్లం కావాలి. అది లేకపోతే ఎంత నీళ్ళు తాగినా చర్మం ఎండిపోతుంది, పొలుసులు లేస్తుంది. ఒమేగా-3 ఎక్కువగా మెదడుకి, కంటి లోపలి పొరకి కావాలి.

ఇది తెలిసి ఇంకా వందేళ్ళు కాలేదు. అంతకు ముందు కొవ్వు అంటే ఒట్టి శక్తి కోసమే అనుకునేవాళ్ళు. 1929లో అమెరికాలోని మిన్నెసోటాలో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ అనే దంపతులు ఎలుకలకు కొవ్వు అసలు లేని తిండి పెట్టి చూసినారు. ఎలుకలు ఎదగడం ఆగిపోయింది, తోకల మీద పొలుసులు లేచినాయి. తిండిలో సరైన కొవ్వు కొంచెం కలిపితే తేరుకున్నాయి. 1963లో హాన్సెన్ అనే పిల్లల వైద్యుడి బృందం నాలుగు వందలకు పైగా పసిబిడ్డలను రకరకాల పాల మీద ఉంచి చూసిన ఫలితాలు ప్రచురించింది. లినోలిక్ ఆమ్లం చాలా తక్కువ ఉన్న పాలు తాగిన బిడ్డలకు చర్మం ఎండి, మందమై, పొట్టు లేచింది. 1982లో ఇంకో సంగతి బయటపడింది. పేగు పోయి, నరం ద్వారానే ఆహారం ఎక్కిస్తున్న ఒక ఆరేళ్ళ పాపకు కుసుమ నూనెతో చేసిన మందు ఇచ్చేవాళ్ళు. అందులో ఒమేగా-6 దండిగా ఉంది, ఒమేగా-3 దాదాపు లేదు. ఆ పాపకు తిమ్మిర్లు, కాళ్ళ నొప్పులు వచ్చినాయి, నడవలేని స్థితి వచ్చింది, చూపు మసకైంది. సోయా నూనెతో చేసిన మందుకు మార్చినాక తేరుకుంది. ఒకటి ఉంటే చాలదు, రెండూ కావాలి అని వైద్యులు నమ్మడానికి ఆ పాప ఒక కారణం.

మన పక్క కథ ఇంకొకటి ఉంది. మోచేతుల మీద, మోకాళ్ళ మీద, తొడల పక్కన, పిర్రల మీద వెంట్రుక కుదుళ్ళ దగ్గర ముళ్ళలాగా గట్టి బొడిపెలు లేస్తాయి. చేత్తో రాస్తే కొబ్బరి తురిమే కోరులాగా తగుల్తుంది. 1933లో సిలోన్‌లో నికోల్స్ అనే వైద్యుడు దీనికి ఫ్రినోడెర్మా అని పేరు పెట్టినాడు. గ్రీకులో కప్ప చర్మం అని అర్థం. మొదట ఎ విటమిన్ లోపం అన్నారు. తరవాత మన దేశంలో పోషకాహారం మీద పని చేసినవాళ్ళు అవిసె నూనె, కుసుమ నూనె, బి విటమిన్లు ఇస్తే తగ్గడం చూసినారు. ఇప్పుడు దీన్ని ఒక్క లోపం అనరు, కొవ్వు ఆమ్లాలు, బి విటమిన్లు, ఎ, ఇ విటమిన్లు అన్నీ ఇందులో ఉండవచ్చు అంటారు. ఈ పరిశోధన చేసిన సంస్థ మొదట కూనూరులో ఉండేది, 1958లో హైదరాబాదుకు మారింది. ఇప్పుడు తార్నాకలో ఉండే జాతీయ పోషకాహార సంస్థ అదే.

ఇది చదివినప్పుడు మాకు ఒక ముఖం గుర్తుకొచ్చింది. మేము కన్నడ బడిలో చదువుకునేటప్పుడు మా తరగతిలో ఒకడిని అందరం 'కప్పె' అని పిలిచేవాళ్ళం. కన్నడంలో కప్పె అంటే కప్ప. వాడి మోచేతులు, మోకాళ్ళు పైన చెప్పినట్టే ఉండేవి. వాడి మధ్యాహ్నం డబ్బాలో ముద్ద, ఉప్పు, పచ్చిమిరపకాయ ఉండేవి. ఒక్కొక్క రోజు డబ్బానే ఉండేది కాదు. వాడికి ఉన్నది ఏ లోపమో మేము చెప్పలేం. కానీ వాడి చర్మం ఆకలి గురించి ఏదో చెప్తా ఉంటే మేము నవ్వుతా ఉంటిమి. బడిలో అయ్యవార్లు కూడా "సబ్బు పెట్టి రుద్దుకో" అన్నారే గానీ "ఏమి తిన్నావురా" అని అడగలేదు.

ఇప్పుడు గుర్తుల సంగతి. ఒకటి కనిపిస్తే కంగారు పడొద్దు. రెండు మూడు కలిసి వచ్చి, తిండిలో కూడా కారణం ఉంటే వదలొద్దు.

చర్మం: ఎంత నూనె రాసినా, ఏ కాలమైనా తగ్గని ఎండుదనం, పొలుసులు, పొట్టు. పైన చెప్పిన ముళ్ళ బొడిపెలు.

వెంట్రుకలు: ఎండుగడ్డిలాగా అయి, పల్చబడి, ఎక్కువగా రాలడం.

గాయాలు: చిన్న తెగుడు కూడా వారాల తరబడి మానకపోవడం. చర్మం మీద మాటిమాటికీ చీము పట్టడం.

పసిబిడ్డలు: పాలు తాగుతున్నా బరువు పెరగకపోవడం, ఒళ్ళంతా పొట్టు లేవడం, మాటిమాటికీ జబ్బు పడటం.

నరాలు, కళ్ళు: తిమ్మిర్లు, బలహీనత, చూపు మసక. ఇది ఒమేగా-3 బాగా తగ్గినప్పుడు వస్తుంది, చాలా అరుదు.

వీటికి పక్కన ఇంకో రెండు ప్రశ్నలు వేసుకోవాలి. వీళ్ళు ఏమి తింటున్నారు? తిన్నది ఒంటికి పడుతుందా? రెండో ప్రశ్నకు జవాబు మరుగుదొడ్డిలో ఉంటుంది. తేలే, జిడ్డు కారే, చెడ్డ వాసన వచ్చే విరేచనం అంటే కొవ్వు బయటికి పోతుందని అర్థం. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఈ మాట నోట రానివ్వరు. మెల్లిగా, పక్కకి పిలిచి, మనమే అడగాలి.

ఎవరికి ఇది వచ్చే అవకాశం ఉంది? రోజూ అన్నం, పప్పు, నాలుగు చెంచాల నూనె తినే ఆరోగ్యవంతులకు దాదాపు రాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. క్లోమం జబ్బు ఉన్నవాళ్ళు, పేగులో కొంత భాగం తీసేసినవాళ్ళు, చాలా రోజులుగా విరేచనాలతో బాధపడేవాళ్ళు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు, కొవ్వు లేకుండా నరం ద్వారా ఆహారం ఎక్కించుకునే రోగులు, వీళ్ళకు భయం ఎక్కువ. వీళ్ళతో పాటు మన ఇళ్ళల్లో కనిపించే మూడు రకాల వాళ్ళను కూడా మేము కలుపుతాం. ఒకరు, ఊళ్ళో ఒంటరిగా ఉంటా గంజి, మజ్జిగతో పూట గడిపే ముసలివాళ్ళు. రెండు, బరువు తగ్గాలని నెలల తరబడి నూనె ముట్టని ఆడపిల్లలు. మూడు, నీళ్ళతో కాచిన రాగి సరి మాత్రమే తినే బిడ్డలు. రాగుల్లో సున్నం దండిగా ఉంటుంది, కొవ్వు మాత్రం వందకు రెండు గ్రాములు కూడా ఉండదు. రెండేళ్ళలోపు బిడ్డకు డాక్టరు చెప్పకుండా కొవ్వు తగ్గించకూడదు.

ఇంకో పక్క కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. పొడి చర్మం కనిపించిన ప్రతిచోటా ఇదే జబ్బు అనుకోవడం కూడా తప్పే. థైరాయిడ్ తగ్గినా చర్మం ఎండుతుంది. రక్తం తక్కువైనా జుట్టు రాలుతుంది. చక్కెర జబ్బుకీ గాయం మానదు. జింకు తక్కువైనా, తామర వచ్చినా ఇట్లాంటివే కనిపిస్తాయి. స్పర్శ తెలియని మచ్చ ఉంటే కుష్ఠు కాదని ముందు తేల్చుకోవాలి. దానికి సర్కారు ఆసుపత్రిలో మందు ఉచితం, సిగ్గు పడాల్సిన పని లేదు. కొవ్వు ఆమ్లాలు కొలిచే రక్త పరీక్ష ఉంది. లోపం ఉన్నప్పుడు ఒళ్ళు వేరే కొవ్వు నుంచి మీడ్ ఆమ్లం అనే ఒకదాన్ని తయారు చేస్తుంది, దాని పాళ్ళు చూసి చెప్తారు. కానీ ఆ పరీక్ష మామూలు ల్యాబుల్లో చేయరు. చాలాసార్లు డాక్టర్లు చరిత్ర అడిగి, ఒళ్ళు చూసి నిర్ణయిస్తారు. అందుకే మనం చెప్పే చరిత్ర సరిగ్గా ఉండాలి. ఏమి తింటున్నారు, ఎన్నాళ్ళుగా, ఏది మానేసినారు అని ఒక కాగితం మీద రాసుకొని పోండి. అది లేకుండా అంగట్లో చేప నూనె మాత్రలు కొనుక్కోవడం మందు కాదు. రక్తం పల్చబరిచే మందులు తినేవాళ్ళు అయితే డాక్టరును అడగకుండా అసలు వేసుకోవద్దు. క్లోమం, పిత్తాశయం జబ్బులున్నవాళ్ళు ఇది చదివి రేపటినుంచే నూనె పోసుకోవద్దు. ఎంత, ఎప్పుడు అనేది డాక్టరు చెప్పాలి.

ఎంత కావాలి అంటే ఎక్కువేమీ కాదు. రోజుకు రెండు వేల కేలరీలు తినేవాళ్ళకు లోపం రాకుండా ఉండటానికి లినోలిక్ ఆమ్లం సుమారు 5 గ్రాములు చాలు. నాలుగు చిన్న చెంచాల శనక్కాయ నూనెలో దాదాపు అంత ఉంటుంది. నువ్వుల నూనెలో ఇంకా ఎక్కువ. నెయ్యిలో, కొబ్బరి నూనెలో మాత్రం వందకు రెండు పాళ్ళే. అందుకే మా చిన్నమ్మకు వేసిన కొబ్బరి నూనె ఈ లోపానికి పనికి రాలేదు. బిడ్డ ముద్దలో నెయ్యి వేసేవాళ్ళు వేయండి, బలమే, కానీ నెయ్యితో పాటు గింజల నూనె కూడా కొంచెం పడాలి.

ఒమేగా-3 మన శనక్కాయ నూనెలో దాదాపు ఉండదు. చేపలు తినేవాళ్ళకు చింత లేదు. తిననివాళ్ళకు అవిసె గింజలు ఉన్నాయి. ఒక పెద్ద చెంచా పొడిలో గ్రామున్నర దాకా దొరుకుతుంది. వేయించి పొడి కొట్టుకోవాలి, గింజ అట్లే మింగితే అరక్కుండా పోతుంది. ఇక్కడ ఒక మాట. కన్నడంలో దీన్ని అగసె అంటారు. ఆకు కూర వండుకునే చెట్టును కూడా అగసె అనే అంటారు. తెలుగులోనూ అంతే, అవిసె గింజలు వేరు, అవిసె చెట్టు వేరు. ఊరికి ఫోన్ చేసి "అవిసె పంపండి" అంటే ఆకు వచ్చిన కథ మా ఇంట్లో జరిగింది. గింజలు అని గట్టిగా చెప్పండి.

మన పక్క ఇంకో గింజ ఉంది, హుచ్చెళ్ళు. హుచ్చు అంటే వెర్రి, ఎళ్ళు అంటే నువ్వులు. తెలుగులో వెర్రి నువ్వులు అనేది అచ్చంగా అదే మాట. అరకు లోయలో పచ్చగా పూసే వలిసెలు కూడా ఇవే. వీటి నూనెలో సగానికి పైగా లినోలిక్ ఆమ్లమే. మా అవ్వ రాగి రొట్టెకి హుచ్చెళ్ళ పొడి లేకుండా పెట్టేది కాదు. ముద్దకి శనక్కాయల ఊరిబిండి నూరేది. లోపం, ఆమ్లం అనే మాటలు ఆమెకు తెలియవు. చేను గట్టున వేసిన గింజ ఇంట్లోకి వచ్చేది, అంతే. ఇప్పుడు ఆ చేన్లలో టొమేటో, పూలు, నీలగిరి. గింజ ఇంటికి రావడం ఆగిపోయింది, ముద్ద మాత్రం మిగిలింది. పాత తిండి అంతా మంచిది అని మేము అనడం లేదు. ఆ కాలంలోనే మా తరగతి పిల్లోడి మోచేతులు అట్లా ఉండేవి. పాత తిండి మంచిదైంది ముద్ద వల్ల కాదు, ముద్ద పక్కన ఉండే పొడి వల్ల. ఆ పొడి దొరికిన ఇల్లు ఒకటి, దొరకని ఇల్లు ఒకటి.

మేము అడిగేది చిన్న పని. ఈ పండక్కి ఊరికి పోయినప్పుడు పెద్దవాళ్ళ కాళ్ళకు దండం పెట్టేటప్పుడు ఆ కాళ్ళు ఒకసారి చూడండి. పొలుసులు లేచినాయా, పుండు ఉందా? తరవాత వంటింట్లోకి పోయి నూనె డబ్బా చూడండి. నెలకు ఎంత అవుతుందో అడగండి. "మేం నూనే వేసుకోము నాయనా" అని గొప్పగా చెప్తే మెచ్చుకోవద్దు, ఎందుకు మానేసినారో, ఎవరు చెప్పినారో అడగండి. డాక్టరు చెప్పి ఉంటే ఆ మాట సరిగ్గా ఏమిటో కాగితం తీసి చదవండి.

మా చిన్నమ్మ ఇప్పుడు కొలత చెంచా పెట్టుకొని నూనె వేసుకుంటుంది. మొన్న ఫోన్‌లో "ఊరిబిండి చేసినా, రెండు ముద్దలు తింటి" అంది. ఆ కాగితంలో రాసింది "తగ్గించండి" అని మాత్రమే. రెండేళ్ళలో మాలో ఒక్కరం కూడా దాన్ని మళ్ళీ తీసి చదవలేదు.